బడి, బాట, ఓటు

(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



పురపాలనమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిరమువారు మమ్ము కోరిరి. పురపాలనమను పేరు వినినంతనే సభలో ఆవులింతలు బయలుదేరునని మేమెరుగుదుము. దేశరక్షణము, సంధివిగ్రహములు, మంత్రుల రాకపోకలు ఉపన్యాసమునకు తగిన విషయములుగాని, మురుగుకాలువయు, బడిపంచయు, రోడ్డులోని గుంటయు సభలకెక్కదగినవా యని కొందరు తలంచుచుందురు. అట్లు తలంచువారిని ఒక్కమాట అడిగెదము. సామాన్యునకు ప్రభుత్వము ఎచ్చట కనబడును? శాసనసభ అతని కంటికానదు. రాజధాని అతనికి దూరము. వాన కురిసిన మరునాడు గుమ్మము ముందర నిలిచిన నీటిలోను, బిడ్డ సంచి భుజమున వేసికొని పోవు బడిలోను అతనికి ప్రభుత్వము ప్రతిదినము కనబడుచున్నది. ఈ రెండును బాగున్నచో ఆ ఊరిలో తానొక పౌరుడనని అతడు నమ్మును. ఈ రెండును చెడియున్నచో ఎన్ని జెండాలెగిరినను నమ్మడు.

నేడు మేము మన ఊరిని గూర్చి గాక, సముద్రముల కావలనున్న ఒక నగరమును గూర్చి చెప్పబూనితిమి. అది అమెరికా సంయుక్తరాష్ట్రములలో జార్జియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు అట్లాంటా. మన గోడు మనకుండగా పరదేశపు గోడు ఏల యని మీరడుగవచ్చును. అద్దమును ముక్కున కానించుకొన్నచో ముఖము కానరాదు. కొంచెము దూరముగా బట్టుకొనవలెను. ఈ అద్దమును మొదట పట్టినవారము మేము గాము. లాలా లజపతిరాయిగారు అమెరికాలో సంచరించి 1916లో ప్రకటించిన గ్రంథమున అచ్చటి నల్లజాతివారి విద్యను, రాజకీయస్థితిని విపులముగా వర్ణించి, మన దేశపు కులభేదములతో పోల్చిచూచిరి. ఆ పనినే నేడు మేము కొంచెము ముందునకు సాగింపదలచితిమి.

రెండు లెక్కల నగరము

అట్లాంటా అంతర్యుద్ధకాలమున, 1864లో, తగులబడిన నగరము. రైలుమార్గముల కూడలి యగుటచే త్వరలోనే తిరిగి లేచి, వర్తకమున పేరెన్నిక గనెను. యుద్ధానంతరము బానిసత్వము రద్దయ్యెను. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు వేలకొలదిగా ఆ పట్టణమును చేరిరి. చేరినవారు కూటికి పని వెదకికొనుచునే, బిడ్డలకు బడి యెక్కడ యని విచారించిరి.

నగరసంఘమువారి పాఠశాలలు 1872లో ప్రారంభమయ్యెను. ఆ యేడే తెల్లజాతి బాలురకొకటియు, బాలికలకొకటియు ఉన్నత పాఠశాలలు ఏర్పడినవి. నల్లజాతి పిల్లలకు ప్రాథమిక పాఠశాలలు మాత్రమే దక్కినవి. అవియైనను మిషనువారు అంతకుమున్నే నడుపుచుండగా నగరసంఘము స్వీకరించిన బడులతో మొదలైనవి. పైచదువు చదువదలచిన నల్లపిల్లలు మిషను కళాశాలలకు అనుబంధముగానున్న తరగతులలో జీతము కట్టి చేరవలసియుండెను. నగరసంఘపు సొమ్ముతో వారికొక్క ఉన్నత పాఠశాల ఏర్పడినది 1924లో. అనగా 52 ఏండ్లు ఆగవలసివచ్చెను. ఆ 52 ఏండ్లును వారు ఆ నగరమునకు పన్నులు చెల్లించుచునే యుండిరి.

చట్టమేమనుచుండెను? 1896లో ఆ దేశపు సుప్రీముకోర్టు, రైలుపెట్టెలను జాతులవారీగా వేరుచేయు శాసనము విషయమై విచారించి, వసతులు సమానముగానున్నచో వేరుగానుంచుట తప్పుగాదని తీర్పు చెప్పెను. ఇదియే ప్లెస్సీ వ్యాజ్యము. ఆ తీర్పులోని "వేరు" అను మాట శిలాశాసనమయ్యెను. "సమానము" అను మాట నీటిమీది వ్రాతయయ్యెను.

మూడేండ్లలో దానికి నిదర్శనము దొరికెను. అదే జార్జియాలో ఆగస్టా అను పట్టణము కలదు. అచ్చటి విద్యాసంఘమువారు నల్లజాతివారికున్న ఒకే ఒక సర్కారు ఉన్నత పాఠశాలను 1897లో మూసివేసిరి. కారణమేమనిన, సొమ్ము చాలదు, చిన్నపిల్లల చదువునకు ఆ భవనము కావలెననిరి. తెల్లజాతి బాలికల ఉన్నత పాఠశాల మాత్రము సర్కారు సొమ్ముతోనే నడుచుచుండెను. తల్లిదండ్రులు కోర్టు కెక్కిరి. 1899లో సుప్రీముకోర్టు ఆ విద్యాసంఘము చేసినదానిలో తాము కలుగజేసికొనుటకు కారణము లేదనెను. ఆ తీర్పు వ్రాసినవాడు ప్లెస్సీ వ్యాజ్యమున ఒంటరిగా నిలిచి అసమ్మతి తెలిపిన హార్లన్ న్యాయమూర్తియే! రైలుపెట్టె విషయమున అన్యాయమును కనిపెట్టిన కన్ను, సొమ్ము లేదను సాకు వెనుక దాగిన అన్యాయమును కనిపెట్టలేకపోయెను. సోదరులారా, ఈ సాకును గుర్తుంచుకొనుడు. నేటి మా ఉపన్యాసమంతయు దీనిని గూర్చియే.

ఒంటిపూట బడి

మన దేశమున ఎండలు ముదిరినపుడు ఒంటిపూట బడులు పెట్టుదురు. పిల్లలకది పండుగ. అట్లాంటాలో నల్లపిల్లలకు ఏడాది పొడుగునను ఒంటిపూట బడియే. గదులు చాలవు, బల్లలు చాలవు; కావున ఉదయమొక జట్టు, మధ్యాహ్నమొక జట్టు. రెండు జట్లకును ఉపాధ్యాయురాలు ఒక్కతెయే. తెల్లజాతి ఉపాధ్యాయురాలికంటె తక్కువ జీతమునకు ఆమె రెండుపూటలు గొంతు చించుకొనవలెను. బడిలేని పూట పిల్లలు ఎచ్చట నుందురు? తల్లులు తెల్లవారి యిండ్లలో వంటకును, చాకిరికిని, బట్టలుతుకుటకును పోయియుందురు. పిల్లలు వీధిపాలగుదురు. బడిలో చోటీయనివారే, వీధిలో తిరుగుచున్నారని పిల్లలను నిందించెడివారు.

ఈ స్థితిని చూచి మొదట కదలినవారు స్త్రీలు. 1908లో లూజీనియా బర్న్స్ హోప్ అను విదుషీమణి ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టి "నైబర్‌హుడ్ యూనియన్" అను సంఘమును స్థాపించెను. ఈమె భర్త జాన్ హోప్ నల్లజాతి యువకులు చదువు కళాశాలకు అధ్యక్షుడు. తమ పేటలో ఒక ఒంటరి స్త్రీ జబ్బుపడి, ఇరుగుపొరుగువారికి తెలియకయే మరణించినదట. పక్కయింటి చావు మనకు తెలియకపోయెనే యను సిగ్గు నుండి ఆ సంఘము పుట్టెను. వారు నగరములోని తమ పేటలను భాగములుగా విభజించుకొని, ఇంటింటికి పోయి, పిల్లలెందరు, జబ్బుపడినవారెవరు, నీరెచ్చటి నుండి తెచ్చుకొందురు, వీధిలో దీపమున్నదా, మురుగు పోవు త్రోవ యున్నదా యని విచారించి వ్రాసికొనిరి.

1913లో ఆ స్త్రీలే బడులను పరీక్షించిరి. గాలి వెలుతురు లేని గదులు, శుభ్రత లేని దొడ్లు, కిక్కిరిసిన తరగతులు, రెండుపూటల పద్ధతి కంటబడినవి. చూచినదంతయు కాగితముపై బెట్టి, నగరసభ్యుల యొద్దకును, మతాచార్యుల యొద్దకును, పలుకుబడిగల తెల్లజాతి స్త్రీల యొద్దకును పోయి విన్నవించిరి. ఫలితము కొంచెము. ఉపాధ్యాయుల జీతములు కొద్దిగా పెరిగెను. నగరపు దక్షిణభాగమున బడి యొకటి లభించెను. రెండుపూటల పద్ధతి కదలలేదు. వినతిపత్రము మనస్సాక్షిని తట్టగలదు. బొక్కసపు తాళమును తీయజాలదు.

వీధి ముగియు చోటు

ఇక బాటల సంగతి. అమెరికా నగరములలో వీధికి రాయిపరచుట, కాలిబాట కట్టుట మొదలగు పనులు చాలవరకు ఆ వీధికిరువైపుల ఆస్తిగలవారు కోరినపుడు, ఖర్చులో వారు కొంత భాగము భరించు పద్ధతిని జరుగుచుండెడివి. అట్లాంటాలోను అదే ఆచారము. పైకి చూడ ఇది న్యాయముగనే తోచును. కాని నల్లజాతివారి పేటలలో ఇండ్లు పెక్కు అద్దె యిండ్లు. యజమాని వేరొకచోట నుండును. అతనికి అద్దె కావలెను గాని బాట అక్కరలేదు. బాటలో నడచువానికి కోరు హక్కు లేదు, కోరు హక్కుగలవాడు ఆ బాటలో నడువడు! ఈ విధమున, ఎవ్వరును దురుద్దేశముతో ఏమియు చేయనట్లే కనబడుచు, ఒక పేటలో తళతళలాడు బాటయు, ప్రక్కపేటలో మోకాలిలోతు బురదయు నిలిచిపోయెను.

ఆ నగరమున ఒక చిత్రము కలదు. ఒకే వీధి తిన్నగా పోవుచు, ఒకచోట పేరు మార్చుకొనును.  పేరు మాత్రము మారును. మన్రో అను వీధి కొంతదూరము పోయి బూలెవార్డు అగును. బ్రయర్‌క్లిఫ్ అను వీధి మోర్లాండు అగును. తెల్లజాతివారి పేటలు ముగిసి నల్లజాతివారి పేటలు మొదలగుచోట వీధులకిట్లు పేర్లు మార్చిరని ఆ నగరచరిత్ర నెరిగినవారు చెప్పుదురు. ఒకే వీధిలో నున్నామను చిరునామా కూడ సహింపరానిదయ్యెను గాబోలు! మన ఊళ్లలో పేటల పేర్లను బట్టి మనిషి కులము నూహించు నేర్పుగలవారము మనము. ఈ సంగతి మనకు బోధపడుటకు వ్యాఖ్యానమక్కరలేదు.

కాదనుటలోని బలము

పేదవాని కోపము పెదవికి చేటని సామెత. కాని పేదవాని కోపము ఓటైనపుడు ఏమగునో అట్లాంటా చూపినది.

జార్జియాలో నల్లజాతివారి ఓటుహక్కును అనేక ఉపాయములతో హరించిరి. తలపన్ను చెల్లించినవానికే ఓటు. ఏండ్ల బాకీ యున్నచో అదియంతయు తీర్చవలెను. అసలు ఎన్నిక జరుగునది డెమోక్రాటిక్ పక్షమువారి ప్రాథమిక ఎన్నికలో. అందు తెల్లజాతివారికే ప్రవేశము. ఇన్ని తలుపులు మూసినవారు ఒక కిటికీ మూయుట మరచిరి. నగరసంఘము ఋణపత్రములు ప్రకటించి అప్పు తేవలెనన్నచో దానికై ప్రత్యేకముగా ప్రజల ఓటు తీసికొనవలెను. ఆ ఓటునకు ప్రాథమిక ఎన్నికల నిబంధన లేదు. అంతేగాదు, మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. పేరు నమోదుచేయించుకొని కాదనినను, ఇంట గూర్చుండినను, ఆ అప్పునకది దెబ్బయే.

1917లో విద్యాసంఘమువారు క్రొత్త యోచన యొకటి చేసిరి. నల్లపిల్లల బడులలో ఎనిమిదవ తరగతి అంతకుమున్నే తీసివేయబడియుండెను. ఇపుడు ఏడవ తరగతిని కూడ తీసివేసి, మిగిలిన సొమ్ముతో తెల్లపిల్లలకు క్రొత్త పాఠశాల కట్టుదమనిరి. ఆ యేడే అట్లాంటాలో నల్లజాతి హక్కుల సంఘమునకు శాఖ యేర్పడెను. దానికి కార్యదర్శి వాల్టర్ వైట్ అను ఇరువదినాలుగేండ్లయైన నిండని యువకుడు. ఇతడే పిమ్మట ఆ దేశవ్యాప్త సంఘమునకు నాయకుడయ్యెను. వారు విద్యాసంఘము నెదుట నిలిచి లెక్కలు చూపిరి. సభ్యులలో జేమ్స్ కీ అను నతడు వారి మాటలు నిజమని బాహాటముగా ఒప్పుకొనెను. ఏడవ తరగతి నిలిచెను. కాని ఉన్నత పాఠశాల మాట యెత్తినవారు లేరు.

1919లో నగరమునకు అప్పు కావలసివచ్చెను. ఆ జేమ్స్ కీయే అప్పుడు మేయరు. ఋణపత్రములలో తమ పిల్లలకేమి యున్నదని నల్లజాతివారడిగిరి. నిశ్చయమైన ప్రత్యుత్తరము రాలేదు. వారు ఇంటింటికి తిరిగి, తలపన్ను బాకీలు కట్టించి, పట్టికలో పేర్లు చేర్పించిరి. ఎన్నికదినమున ఆ అప్పు ఓడెను. అదే యేట రెండవమారు ప్రయత్నించిరి, రెండవమారును ఓడెను.

సోదరులారా, ఇది సులభమైన పని యని తలపకుడు. తన బిడ్డ చదువునకై తపించు తండ్రి పాఠశాలల అప్పునకే వ్యతిరేకముగా ఓటువేయుట! ఆ ఓటు వేయునపుడు అతని చేయి వణికియుండును. తన వీధికి రావలసిన బాటయు, దీపమును ఆ ఓటుతో ఆగునని అతడెరుగును. కాని కట్టవలసినది తామును, అనుభవించునది పరులును అగు అప్పునకు ఇక చేవ్రాలు చేయమని వారు నిశ్చయించుకొనిరి. వారు రాయి విసరలేదు, నిప్పు పెట్టలేదు. పన్ను చెల్లించి, రసీదు జేబులో బెట్టుకొని, కాదని చెప్పి యింటికి పోయిరి.

1921లో నగరపెద్దలు దారికి వచ్చిరి. పాఠశాలలకై 40 లక్షల డాలర్ల అప్పు ప్రతిపాదించి, అందు నల్లపిల్లల ఉన్నత పాఠశాలకు చోటు కల్పించిరి. ఈమారు నల్లజాతివారు ఔననిరి, అప్పు నెగ్గెను. 1924లో బుకర్ టి. వాషింగ్టన్ ఉన్నత పాఠశాల తలుపులు తెరచెను. పిమ్మట 1942లో ఆ బడిలో చేరిన పిల్లలలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు. 1919లో కాదన్నవారు తాము ఎవరికొరకు కాదనుచున్నామో ఎరుగరు. విత్తినవాడు పండును చూడనక్కరలేదు.

గడ్డుకాలము

ఇట్లు వచ్చినదానిని గడ్డుకాలము తిరిగి పరీక్షించెను. 1929లో అమెరికా ఆర్థికమాంద్యము మొదలయ్యెను. ప్రత్తిధర పడిపోయెను. పల్లెలనుండి రైతుకూలీలు నగరమునకు కొట్టుకొనివచ్చిరి. 1930లో అట్లాంటాలో నల్లచొక్కాల దళమొకటి బయలుదేరి, తెల్లవానికి పని దొరకునంతవరకు నల్లవానికి పని యుండరాదని ఊరేగెను. హోటళ్లలో సామాను మోయు పని, అంతకుమున్ను తెల్లవాడు ముట్టని పని, ఇప్పుడు హఠాత్తుగా గౌరవప్రదమయ్యెను. నగరసంఘము జీతములు తగ్గించెను. ఒకప్పుడు రొక్కమునకు మారుగా ఉద్యోగులకు చీటీలిచ్చునంతవరకు వచ్చెను. తెల్ల ఉపాధ్యాయునకును కష్టమే. నల్ల ఉపాధ్యాయురాలికి ఆ తగ్గింపు అంతకుమున్నే తక్కువగానున్న జీతముపై పడెను.

గడ్డుకాలమున పొదుపు తప్పా యని మీలో నొకరడుగవచ్చును. పొదుపు తప్పుగాదు. ఇంట గింజలు తక్కువైనపుడు గృహిణి అందరి కంచములలోను ఒక్కొక్క ముద్ద తగ్గించును. అది పొదుపు. ఒకరి కంచమునే తీసివేసి మిగిలినవారికి యథాప్రకారము వడ్డించుటను పొదుపనరు. దానికి వేరే పేరున్నది.

1932 జూన్ నెలలో అట్లాంటాయున్న ఫుల్టన్ కౌంటీ అధికారులు సొమ్ము లేదని చెప్పి సహాయకేంద్రములను మూసివేసిరి. ఆ నెల 30వ తేదీని సుమారు వేయిమంది పనిలేనివారు న్యాయస్థాన భవనమునకు నడచిపోయిరి. అందు నల్లవారును తెల్లవారును కలిసియుండిరి; ఆకలికి రంగు లేదుగదా! వారిని నడిపించినవాడు ఏంజెలో హెర్న్‌డన్ అను 19 ఏండ్ల నల్లజాతి కార్మికుడు. మరునాడే అధికారులకు 6,000 డాలర్లు దొరికెను. నిన్న లేని సొమ్ము నేడెచ్చటినుండి వచ్చెను? గడ్డుకాలమును గూర్చి ఇంతకంటె గొప్ప పాఠము మరియొకటి లేదు.

సహాయము చేసిన చేతితోనే శిక్షయు వచ్చెను. కొలది దినములలో హెర్న్‌డన్‌ను నిర్బంధించి, పాతకాలపు తిరుగుబాటు చట్టము క్రింద విచారించిరి. 1933 జనవరిలో తెల్లజాతివారే కూర్చున్న జ్యూరీ అతడు నేరస్థుడనెను. 18 మొదలు 20 ఏండ్లవరకు గొలుసుముఠాలో శిక్ష. 1937లో సుప్రీముకోర్టు ఐదుగురు నలుగురిగా చీలి ఆ శిక్షను కొట్టివేసెను.

గొలుసుముఠా యనగా నేమి? ఇచ్చట మన కథలోని బడియు, బాటయు, చెరసాలయు ఒకచోట కలిసికొనుచున్నవి. జార్జియాలో ఖైదీలను వర్తకులకు అద్దెకిచ్చు పద్ధతిని 1908లో రద్దుచేసి, వారిని రోడ్లపనికి పెట్టిరి. కాళ్లకు సంకెళ్లు తగిలించి, తుపాకి కాపలాలో, కంకర కొట్టించెడివారు. వారిలో నల్లజాతివారే హెచ్చు. పనిలేక తిరుగుట కూడ శిక్షింపదగిన నేరముగా నుండెను. చూడుడు: బడిలో చోటు లేదు; పెరిగిన పిమ్మట పని లేదు; పని లేకుండుట నేరము; నేరమునకు శిక్ష రోడ్డుపని. రాష్ట్రమునకు మంచి రోడ్లు వచ్చెనని అందరు మెచ్చుకొనిరి. ఆ రోడ్లలో తన గుమ్మమువరకు వచ్చిన రోడ్డు, దానిని వేసినవాని కొకటియు లేకుండెను. ఎల్లిస్ ఆర్నాల్ గవర్నరుగా నున్న కాలమున, 1943 ప్రాంతమున, ఆ పద్ధతి తొలగెను.

ఇక కేంద్రప్రభుత్వపు సహాయము. రూజ్‌వెల్టు అధ్యక్షుడైన పిమ్మట పనులద్వారా సహాయము చేయు శాఖలు ఏర్పడి, రోడ్లు, మురుగుకాలువలు, భవనములు కట్టించెను. జార్జియా గవర్నరు యూజీన్ టాల్మడ్జ్ దీనికి ఆక్షేపణ తెలిపెను. నల్లకూలీకి ప్రభుత్వము అంత కూలి యిచ్చినచో పొలములో తక్కువ కూలికి ఎవరు పనిచేయుదురని అతని బాధ! ఆ కాలముననే మురికిపేటలను తొలగించి ప్రభుత్వవ్యయముతో ఇండ్లు కట్టిరి. 1936లో తెల్లజాతివారికి టెక్‌వుడ్ హోమ్స్. 1937లో నల్లజాతివారికి యూనివర్సిటీ హోమ్స్. ఇండ్లు మంచివే. కాని క్రొత్త ఇటుకతోను పాతగోడనే కట్టిరి. సొమ్ము వచ్చినపుడును వేరు, సొమ్ము లేనపుడును వేరు. భేదమునకు కారణము బీదతనము గాదని దీనివలన తేటతెల్లమగుచున్నది.

పట్టికలోని పేర్లు

తరువాతి కథ త్వరగా చెప్పెదము. 1944లో గ్రేస్ టౌన్స్ హామిల్టన్ అను విదుషి నాయకత్వమున అట్లాంటా అర్బన్ లీగు నగరపాఠశాలలను గూర్చి నివేదిక ప్రకటించెను. ముప్పదియేండ్లక్రితము లూజీనియా హోప్ చూచిన రెండుపూటల బడి అందు ఇంకను కనబడెను. అదే యేట తెల్లజాతి ప్రాథమిక ఎన్నికలు చెల్లవని సుప్రీముకోర్టు టెక్సాసు వ్యాజ్యమున తీర్పునిచ్చెను. 1945లో జార్జియా తలపన్నును రద్దుచేసెను. 1946 వసంతమున అట్లాంటాలోని నల్లజాతివారు కొలదివారములలో సుమారు 18,000 క్రొత్తపేర్లను ఓటర్ల పట్టిక కెక్కించిరి. అంతవరకు వారి మాట వినబడని మేయరు హార్ట్స్‌ఫీల్డుగారికి చెవులు తెరచుకొనెను. 1948లో ఎనమండుగురు నల్లజాతి పోలీసులు నియమింపబడిరి. తెల్లవానిని నిర్బంధించు అధికారము వారికి లేదు; అయినను వీధిలో మొదటిసారిగా తమవాడొకడు నిలిచెను.

1954లో వేరు బడులు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీముకోర్టు ప్రకటించెను. అట్లాంటాలో అది ఆచరణకు వచ్చుటకు ఏడేండ్లు పట్టెను. 1961లో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు నాలుగు ఉన్నత పాఠశాలలలో ప్రవేశించిరి. మరుసటి యేడు ఇంకొక వింత జరిగెను. తెల్లజాతివారి పేట యొకదానిలోనికి నల్లజాతివారు రాకుండుటకై నగరసంఘమే పేటన్ రోడ్డునకును, హార్లన్ రోడ్డునకును అడ్డముగా ఆటంకములు కట్టించెను. బాట వేయుటకు సొమ్ము లేదని చిరకాలము చెప్పిన నగరమునకు, బాట మూయుటకు సొమ్ము దొరకెను! 1963 మార్చి 1వ తేదీని కోర్టు ఉత్తరువుచే అవి తొలగినవి. 1973లో మేనార్డ్ జాక్సన్ ఆ నగరమునకు మొదటి నల్లజాతి మేయరుగా ఎన్నికయ్యెను. దానితో కష్టములన్నియు తీరెనని మేమనము. శతాబ్దమున పేరుకొన్న లోటు ఒక్క ఎన్నికతో పూడదు.

మన సంగతి

ఇక అద్దమును మనవైపు త్రిప్పుదము. అట్లాంటాలో హక్కుల సంఘపు శాఖ పుట్టిన 1917లోనే మన బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను మహాసభ యొకటి జరిగెను. పంచములను పేరు మాకు వలదు, మేము ఆది ఆంధ్రులమని అచ్చట వారు ప్రకటించుకొనిరి. ఆయన హైదరాబాదులో ఆదిహిందువుల పిల్లలకై బడులు స్థాపించిరి. ఎందుకు స్థాపింపవలసివచ్చెను? ఉన్న బడుల గుమ్మములు వారికి మూసియుండుటచేతనే గదా! 1924లో చెన్నపురి శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్‌గారు తీర్మానమొకటి తెచ్చిరి. సర్కారు సొమ్ముతో నడుచు బాటలు, బావులు అన్ని జాతులవారికిని తెరచియుండవలెనని అందు కోరిరి. బాటపై నడుచుటకు తీర్మానము కావలసిన దేశము మనది. అట్లాంటాను చూచి నవ్వుటకు మనకు నోరు లేదు.

నాటికిని నేటికిని భేదము గొప్పది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను; తలపన్ను లేకయే వయోజనులందరికి ఓటిచ్చెను. 1993లో అమలునకు వచ్చిన సవరణ పురపాలకసంఘములలో షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, స్త్రీలకును స్థానములు కేటాయించెను. అట్లాంటావారు తలపన్ను బాకీ తీర్చి, కాపలావాని కళ్లు తప్పించుకొని, కిటికీలోనుండి దూరి సాధించినదానిని మనకు వాకిలి తెరచి యిచ్చిరి. కాబట్టియే మనకు సాకు తక్కువ. వారికి హక్కు లేక బాట లేకపోయెను. మనకు హక్కుండియు ఊరిచివరి పేటకు బాట లేనిచో తప్పెవరిది?

ఈ ప్రశ్నను ఆ పేటవారిని అడుగుటకు మేము రాలేదు. వారికి తమ కష్టము తెలియును, మా ఉపన్యాసమక్కరలేదు. ఈ పఠనమందిరమున పత్రికలు చదువు మిమ్మును, మాతోకూడ మనలనందరిని అడుగుచున్నాము. నేటి సాయంకాలము ఇచ్చటికి వచ్చుచు మేము వీధులు చూచుచు వచ్చితిమి. పెద్దవీధిలో తారు నున్నగా నున్నది. మలుపు తిరిగినంతనే కంకర, ఇంకొకమలుపున మట్టి. ఆ మట్టి యెవరి పేటలో మొదలగునో మీకు చెప్పనక్కరలేదు. ఆ పేటలోని బడిలో గదులెన్ని, గురువులెందరు, దొడ్డిలో నీరున్నదా యని మనలో ఎందరు చూచిరి?

కావున మూడు పనులు కోరెదము. మొదటిది: ఏటేట మన పురపాలకసంఘమువారు తయారుచేయు ఆదాయవ్యయపట్టిక ప్రతి యొకటి తెప్పించి ఈ బల్లపై నుంచుడు. నవలలు చదివినంత శ్రద్ధతో దానిని చదువుడు. ఏ వార్డునకెంత, ఏ బడికెంత, వ్రాసికొనుడు. రెండవది: అట్లాంటా స్త్రీలవలె చేత పుస్తకము బట్టుకొని చివరి పేటవరకు నడువుడు, అచ్చటివారిని వెంటబెట్టుకొని, వారు చెప్పినది వ్రాసికొనుడు. మూడవది: సొమ్ము లేదని సంఘమువారు చెప్పినపుడు, ఎవరి పనికి లేదని తిరిగి అడుగుడు. అందరి పనికిని లేనిచో అందరమును ఓర్చుకొందము. ఒక పేటకే లేనిచో, పెద్దవీధివారమే మొదట కాదందము. 1919లో కాదనినవారు బీదలు. వారి కాదనుటకు రెండేండ్లు పట్టెను. పెద్దవీధివారు కాదనినచో రెండు వారములు పట్టదు.

గడ్డుకాలము మన దేశమునకును వచ్చుచు పోవుచుండును. వచ్చినపుడు కంచములన్నిటిని ఒక్కచూపున చూచు పురపాలనము కావలెను. అది పైనుండి దిగదు. చదువరులైన మీరు అడుగుటతో మొదలగును.